నీరు ముందు – ఊరు వెనుక



నేటి ప్రసంగమునకు విషయము ఊరి కూర్పు. ఇల్లు కట్టుటకు వాస్తుశాస్త్రము కలదని మనమందఱము ఎఱుగుదుము. సింహద్వారము ఏ దిక్కున నుండవలెను, బావి యే మూల నుండవలెను అని సిద్ధాంతిగారిని అడుగక మన పల్లెలలో పునాదిరాయి పడదు. కాని నూఱిండ్లకు, వేయి యిండ్లకు కలిపి నేలను కూర్చు వాస్తువు వేఱొకటి కలదు. అది యింటివాస్తువుకంటె పెద్దది. చెఱువు ఎచట, గుడి యెచట, తోపు ఎచట, బాట యెచట, పదిమంది కూర్చుండు తావు ఎచట అని నిర్ణయించు విద్యయే యది. పడమటి దేశములవారు దానిని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అందురు. అమెరికాలోని న్యూయార్కు నగరమున సెంట్రల్ పార్కు అను మహోద్యానమునకు 1858లో రూపురేఖలు దిద్దిన ఓమ్‌స్టెడ్, వాక్స్ అనువారి కాలమునుండి ఆ పేరు వృత్తినామముగా ప్రచారమునకు వచ్చినది. మనము దానిని భూవిన్యాసమని చెప్పుకొందము.

ఈ మాట వినగానే బంగళాముందు పచ్చగడ్డి పెంచి పూలకుండీలు పేర్చుటయని కొందఱు తలంతురు. అది యలంకారము మాత్రమే. మెడలో హారము లేకున్నను మనుష్యుడు బ్రదుకును గాని, నాడి చెడినచో బ్రదుకడు. భూవిన్యాసము ఊరికి హారము వంటిది కాదు, నాడి వంటిది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. మన పెద్దలు సప్తసంతానములని చెప్పిరి. పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అనునవి యేడును మనుష్యుని పేరు నిలుపు సంతానములు. ఈ లెక్కను ఒకపరి విచారింపుడు. ఏడింటిలో నాలుగు, అనగా చెఱువు, గుడి, తోట, ఊరు, నేలమీద వెలయునవి, పదిమంది అనుభవించునవి. కన్నకొడుకుతో సమానముగా చెఱువును లెక్కించిన జాతి మనది. చెఱువును సంతానమనుటలో మఱియొక భావము కూడ ఇమిడియున్నది. సంతానమును కనుటతో పని తీఱదు. పెంచవలెను, ఎదిగినదాకా కాపాడవలెను.

ఇక ఊరిని కూర్చుటలో మొదటి ప్రశ్న యేది? ఇండ్లు ఎచట కట్టవలెననునది కాదు. వానకు వచ్చిన నీరు ఎచట నిలువవలెను, మిగిలిన నీరు ఏ దారిని పోవలెను అనునది. మన మెట్టసీమలో గోదావరివంటి జీవనది ప్రతి యూరిని ఒరసికొని పోదు. నాలుగు నెలలు కురిసిన వాన పండ్రెండు నెలలకు చాలవలెను. కావున నీటికి చోటు చూపిన తరువాతనే మనుష్యునికి చోటు చూపిరి. నీరు ముందు, ఊరు వెనుక. ఈ క్రమమే మన ప్రాంతపు భూవిన్యాసమునకు మూలసూత్రము.

చెఱువునకు తగిన తావును గుర్తించుట ఎట్లో తెలుపు శాసనము ఒకటి కడప మండలమందలి పోరుమామిళ్లలో నున్నది. విజయనగరరాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. అందు మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు చెప్పబడినవి. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రమెఱిగిన పండితుడు, గట్టి బంకమన్ను గల నేల, దూరమునుండి తీయని నీరు తెచ్చు ఏఱు, ఇరువైపుల ఆనుకొన్న కొండలు, వాని నడుమ మిక్కిలి పొడవు కాని గట్టి రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, నిడుపాటి రాళ్లు దొరకు గని, దిగువ సమమైన సారవంతపు పొలములు, పనినేర్పుగల కూలీలు మొదలగునవి యంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు స్వల్పమై తడుపవలసిన నేల విస్తారమగుట, నేల స్వల్పమై నీరు అధికమగుట అనునవి దోషములు. ఆ చెఱువునకు దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును పనిచేయగా రెండేండ్లు పట్టినదని శాసనము చెప్పుచున్నది.

ఇందు మీరు గమనింపవలసినది యొకటి కలదు. పొలిమేరయందుండుట చెఱువునకు దోషమని యేల చెప్పిరి? అచట మన్ను చెడ్డదని కాదు, కొండ లేదనియు కాదు. ఇరువురి పాలనలో నున్న చెఱువును బాగుచేయుటకు ఇరువురును ముందునకు రారు, నీటికై మాత్రము ఇరువురును పోరాడుదురు. అనగా మనుష్యుల పొందికను కూడ మన్ను, రాయి, నీరులతోపాటు నిర్మాణాంగముగా లెక్కించిరన్నమాట. సమాజమును విడిచి స్థలమును కూర్చుట సాధ్యము కాదని ఆఱువందల యేండ్లకు పూర్వమే రాతిపై చెక్కిరి.

ఆ శాసనమునకు నూటయేబది యేండ్ల ముందే మన ప్రాంతమున కాకతీయులు ఈ విద్యను ఆచరణమందు చూపిరి. భూపాలపల్లి జిల్లా గణపురమునకు పోయి చూడుడు. గణపతిదేవుని పేర వెలసిన ఆ యూర గణపసముద్రమను చెఱువు, చెంతనే ప్రాకారములోపల కోటగుళ్లు అను ఇరువదిరెండు ఆలయముల సముదాయము, చుట్టును పొలములు, పొలముల నడుమ ఊరు. చెఱువు వేఱు, గుడి వేఱు, ఊరు వేఱు అని విడదీసి చూచినచో మూడింటి యర్థమును చెడును. చెఱువు క్రింది పంట గుడిని పోషించును. గుడియందు చేరు జనసమూహము చెఱువును కనిపెట్టియుండును. ఈ రెండింటి నడుమ ఊరు నిలుచును.

దానికి సమీపముననే పాలంపేట రామప్పగుడి యున్నది. 2016లో ఏర్పడిన భూపాలపల్లి జిల్లానుండి 2019లో వేఱుపడిన ములుగు జిల్లాలోనిది యిపుడది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని ప్రతిష్ఠించెను. కొండల నడుమ కట్ట వేసి చెఱువును నిలిపి, దిగువను ఆలయమును, ఆ దిగువను మాగాణమును అమర్చిరి. 2021 జూలై 25వ తేదీన యునెస్కో సంస్థ ఆ గుడిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది. శిల్పముల సౌందర్యము, నీటిపై తేలునంతటి తేలిక యిటుకలు, ఇసుక నింపిన పునాది అనువానిని లోకము మెచ్చుకొన్నది. అయితే వానితోపాటు, ఆలయమును కొండలు, అడవులు, ఏఱులు, చెఱువు, సాగునేలలతో విడదీయరాని భాగముగా నిర్మించిన సంప్రదాయమును కూడ ఆ సంస్థ ప్రత్యేకముగా పేర్కొన్నది. అనగా రామప్పగుడి గోడలయొద్ద ముగియదు. చెఱువుకట్టయు, దానివెనుక కొండయు ఆ గుడిలో చేరినవే.

మహబూబాబాదు జిల్లా బయ్యారము చెఱువు ఇట్టిదే. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టినది. ఆ చెఱువుచెంత నిలిపిన శాసనమునందు కాకతీయుల పూర్వవంశక్రమము వివరముగా చెప్పబడినందున చరిత్రకారులకు అది పెన్నిధి యైనది. ఒక రాజవంశము తన పూర్వుల పేరులను కోటలో దాచుకొనక చెఱువునొద్ద ఏల నిలిపినది? అచటికి పశువులకాపరి వచ్చును, చాకలి వచ్చును, రైతు వచ్చును, బాటసారి వచ్చును. జనులెల్లరు వచ్చు తావే కీర్తికి తగిన తావని యామె యెఱుగును.

ఇట్టి చెఱువు లొంటరిగా నుండవు. పై యూరి చెఱువు నిండి మత్తడి దుమికిన నీరు ఒఱ్ఱె వెంబడి దిగి క్రింది యూరి చెఱువును చేరును. అది నిండిన పిమ్మట దాని దిగువ చెఱువునకు పోవును. దీనినే గొలుసుకట్టు అందురు. గొలుసులో ఒక్క కడియము తెగినచో గొలుసంతయు పాడగును. పై చెఱువునకు గండిపడినచో ఆ యుధృతి క్రింది చెఱువును కూడ తెంపును. నడుమ ఒఱ్ఱెను పూడ్చినచో క్రింది చెఱువు ఎండును, పై యూరు మునుగును. కావున ఒక యూరి ఒఱ్ఱె ఆ యూరి సొత్తు మాత్రమే కాదు.

ఈ యేర్పాటును నిలిపినది రాతికట్ట యొక్కటే కాదు, మనుష్యుల కట్టుబాటు. చెఱువును కట్టించి కాపాడువానికి దశబంధమను పేర ఫలములో పాలు ముట్టెడిది. తూము తెఱచి మూసి, మడిమడికి నీరు పంచుటకు నీరటి యుండెను. వాడు ఏ రైతు పక్షమును వహింపరాదు. వేసవిలో చెఱువు ఎండగా ఒండ్రుమట్టిని బండ్లతో తీసి చేలకు తోలుకొనిరి. అందువలన చేనికి సత్తువ వచ్చెను, చెఱువునకు లోతు వచ్చెను. కుమ్మరికి మన్ను, బెస్తలకును ముదిరాజులకును చేప, చాకలికి రేవు, పశువునకు దిగుడుబాట, కట్టమీద మైసమ్మకు రాతిగద్దె. ఎవరి పాలు వారికి అచట దొరకెను. బతుకమ్మ పండుగనాడు ఆడుబిడ్డలు తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చి ఆడి పాడి, ఆ పూలను చెఱువులోనే విడుచుదురు. ఏడాదికొకపరి ఊరంతయు కట్టమీద నిలిచి తమ చెఱువెంత నిండినదో కన్నులార చూచుట కిది మంచి యుపాయము. నేటి నగరశిల్పులు సమాజమునకు ఉమ్మడిస్థలము కావలెనని గ్రంథములు వ్రాయుచున్నారు. మనకు చెఱువుకట్ట, రచ్చబండ, బొడ్రాయి అట్టి యుమ్మడి స్థలములే.

పెద్ద నగరమును కూర్చుటయందును ఇదే బుద్ధి కనబడును. ఓరుగల్లు కోట నడుమ స్వయంభూ శివాలయము, దానికి నలుదిక్కుల తోరణములు, నాలుగు దిక్కులకు బాటలు, చుట్టును నలుబదియైదు బురుజుల రాతిగోడ, వెలుపల అగడ్త, దానికి దవ్వుగా మట్టికోట. నడుమ నిలిచి చూచిన బాలునికైనను తానెచట నున్నాడో, ఏ బాట ఎచటికి పోవునో తెలియును. ఊరు తన రూపమును తానే చెప్పవలెను. బొడ్రాయిని నాటుటలోని యభిప్రాయమును ఇదియే.

అయితే పాతదంతయు మంచిదని నేను చెప్పను. మన పూర్వుల కూర్పులో ఒక పెద్ద లోపము కలదు. కొన్ని కులములవారిని ఊరికి దూరముగా వాడలలో నుంచి, బావినీటిని కూడ ముట్టనీయని యూళ్లు అనేకములు. నీటికి దారి విడిచిన మనము తోడి మనుష్యునికి దారి విడువమైతిమి. సామాజికదృష్టితో ఊరిని కూర్చుట యనగా నేడు ఆ లోపమును మొదట దిద్దుట. ఏ వాడనుండియైనను చెఱువుకట్టకు, బడికి, దవాఖానాకు సమానమైన బాట యుండవలెను.

ఇక వర్తమానమునకు వత్తము. 2016 అక్టోబరు 11వ తేదీన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడును జిల్లాకేంద్రములైనవి. జనగామ, మానుకోట లంతకుముందు రైలుబాటవలన పెరిగినవి. భూపాలపల్లి సింగరేణి బొగ్గువలన పెరిగినది. ఇపుడు కచ్చేరీలు వచ్చినవి, వెడల్పు రోడ్లు వచ్చినవి, నిన్నటి చేలు నేడు ప్లాట్లుగా మాఱుచున్నవి. పట్టణము పెరుగుట తప్పు కాదు. మనుమలు చదువుకొని కొలువులు చేయవలె నన్నచో పట్టణము కావలెను. కాని క్రమము తలక్రిందులగుచున్నది. మొదట రాళ్లు పాతి ప్లాట్లు కోసి, తరువాత రోడ్డు వేసి, ఇండ్లు నిలిచిన పిమ్మట వాన వచ్చినపుడు నీరు ఎటు పోవునని వెదకుట జరుగుచున్నది.

నీరు తన దారిని మఱవదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలమందిని బలిగొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఎగువను ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు అను జలాశయములు వెలసినవి. మన కాలమున 2023 జూలై 27వ తేదీ ఉదయమునకు ముగిసిన ఒక దినములో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటయందు 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచినది. జనులు ఇండ్ల కప్పులెక్కి ప్రాణములు అఱచేత పట్టుకొనిరి. పడవలును హెలికాప్టరును వచ్చి కాపాడవలసివచ్చినది. కొందఱు కొట్టుకొనిపోయిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీన మహబూబాబాదు జిల్లా కేసముద్రమునొద్ద రైలుపట్టాల క్రింది కట్ట వరదకు కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఇట్టి కుంభవృష్టిని ఎవరును ఆపలేరు. కాని నీటికి విడిచిన చోటు ఎంత, ఆక్రమించిన చోటు ఎంత అనుదానినిబట్టి నష్టము హెచ్చును, తగ్గును. అది మాత్రము మనుష్యుని చేతిలోనిదే.

చట్టములు లేకపోలేదు. నీరు, నేల, చెట్లు మూడింటిని కలిపి కాపాడుటకు 2002లో వాల్టా చట్టము వచ్చినది. 2012 నాటి భవననిర్మాణ నియమములు పది హెక్టార్లును అంతకు పైబడియు గల చెఱువు నిండు నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెఱువులకును కుంటలకును 9 మీటర్లు, వెడల్పయిన వాగులకు 9 మీటర్లు విడువవలెనని చెప్పినవి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కార్యక్రమమున వేలకొలది చెఱువుల పూడిక తీసిరి. రైతులు ఒండ్రును మఱల చేలకు తోలుకొనిరి. కాని చట్టము కాగితముమీద గీత గీయును. ఆ గీత నేలమీద ఎచట పడునో చెప్పగలవారు ఊరిలో కావలెను.

ఈ సందర్భమున ఒక పరదేశి మాటను స్మరింపవలసియున్నది. పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లాండు విద్వాంసుడు 1914లో మన దేశమునకు వచ్చి అనేక పట్టణములను కాలినడకను తిరిగి నివేదికలు వ్రాసెను. పిమ్మట 1919 నుండి 1924 వఱకు బొంబాయి విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండెను. దోమలవలన చలిజ్వరము వచ్చునని పట్టణములందలి చెఱువులను పూడ్చుట నాటి యధికారుల వాడుక. గెడ్డెస్ అందుల కొప్పుకొనలేదు. చెఱువును శుభ్రపఱచి చేపలు పెంచినచో దోమపిల్లలను అవియే తినును, చెఱువు నిలుచును అని వాదించెను. పాత వాడలను నేలమట్టము చేసి తిన్నని రోడ్లు వేయుటను కూడ నిరసించి, మంచి వైద్యుడు పుండున్నంతమేరకే కోసి తక్కిన దేహమును కాపాడినట్లు ఊరికి చికిత్స చేయవలెననెను. మొదట ఊరిని తిరిగి చూడుము, జనులతో మాటాడుము, తరువాత గీత గీయుము. ఆయన మార్గము ఇదియే.

ఇపుడు అనేక పట్టణములలో చెఱువుకట్టలను సింగారించుచున్నారు. నడకబాట, దీపములు, ఇనుపకంచె, పూలమొక్కలు, బల్లలు వచ్చినవి. సాయంకాలము వృద్ధులును పిల్లలును నడచుటకు చోటు దొరకుట మంచిదే. కాని ఆ సింగారమును పరీక్షించుటకు నాలుగు ప్రశ్నలు కలవు. తూమును, మత్తడిని కప్పివేసిరా? బతుకమ్మను విడుచుటకు మెట్లున్నవా? పశువు దిగుటకును చాకలి రేవునకును దారి మిగిలినదా? పట్టణపు మురుగునీరు చెఱువులో పడకుండ మళ్లించిరా? ఈ నాలుగింటికిని సరియైన సమాధానము లేనిచో అది శవమునకు చేసిన అలంకారము.

కావున పెద్దలారా, మీవలన కావలసిన పని కొంచెము చెప్పి ముగింతును. మీ యూరి నక్షాలో ఒఱ్ఱెల గీతలున్నవి. శిఖము భూమి యెంతయో పాత పహాణీలలో వ్రాసియున్నది. కాని ఏ యేటి వానకు నీరు ఎంతవఱకు వచ్చినది, ఏ వేపచెట్టు మొదలు తడిసినది, ఏ ఒఱ్ఱె నెవరు దున్ని చేనిలో కలుపుకొనిరి అనునది మీ జ్ఞాపకమునందే యున్నది. మీ తరముతో అది పోవును. కావున వానకాలమున ఒకదినము బడిపిల్లలను, పంచాయతివారిని వెంటబెట్టుకొని పై చెఱువు మత్తడినుండి క్రింది చెఱువు వఱకు నడువుడు. నీరు వచ్చిన హద్దులు చూపుడు. ఆ హద్దులను వ్రాయించి, రాళ్లు నాటించి, గ్రామసభలో చదివింపుడు. ఎవరైన చేలను ప్లాట్లు చేయబూనినపుడు ధర అడుగుటకు ముందు నీటిదారి అడుగుడు. మొక్కలు నాటునపుడు కట్టమీద వేళ్లు లోతుగ చొచ్చు మ్రాకులను నాటనీయకుడు. అవి యెండి వేరు కుళ్లినచోటనే నీరు త్రోవచేసికొనును. రావి, వేప, చింత మొదలగువానిని బాటప్రక్కను, రచ్చకడను నాటి, కంచె వేసి, మూడేండ్లు నీరు పోయించుడు.

ఇందు కొంత యప్రియము కలదు. ఆక్రమించినవాడు పరాయివాడు కాకపోవచ్చును. వియ్యంకుడు కావచ్చును, అన్నదమ్ముడు కావచ్చును, ఒక్కొక్కప్పుడు మన కొడుకే కావచ్చును. అట్టిచోట నోరు తెఱచుట కష్టము. కాని సప్తసంతానములలో కొడుకును ఒక సంతానమే, చెఱువును ఒక సంతానమే. ఒక సంతానముకొఱకు మఱియొక సంతానమును చంపుకొనుట పెద్దఱికము కాదు. వరద వచ్చిననాడు ఆ కొడుకు బిడ్డలే ఇంటికప్పు ఎక్కవలసివచ్చును.

కాకతీయుల కోటలు కూలినవి, సింహాసనము పోయినది. రామప్ప కట్ట, బయ్యారము కట్ట, గణపసముద్రము నేటికిని నిలిచి పొలములకు నీరిచ్చుచున్నవి. రాజులుంచిన సంతానములలో నేటికిని పనిచేసి పెట్టుచున్నవి చెఱువులే. వానిని పోషించుట యిపుడు మన వంతు.